గంగమ్మ అను పేరు

శ్రోతలు కోరిన పాటలను ప్రసారము చేయునపుడు, కోరినవారి పేర్లను కూడ చదువుట ఆకాశవాణిలో ఏనాటినుండియో వచ్చుచున్న ఆచారము. పాట మూడు నిమిషములైనచో పేర్లు ఒక నిమిషము పట్టును. ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఆ పట్టీ చదువుట మాకు శిక్షవలె తోచెడిది. క్రమముగా పాటలకంటె పేర్లే మాకు ఆసక్తి కలిగింపసాగినవి. ఏ ఊరినుండి ఏ పేర్లు వచ్చునో, ఏవి తగ్గిపోవుచున్నవో, ఏవి క్రొత్తగా ప్రవేశించుచున్నవో ఆ పోస్టుకార్డులే మాకు నేర్పినవి. పలమనేరు, పుంగనూరు, కుప్పము ప్రాంతముల కార్డులలో గంగులప్ప, గంగాధరం, గంగరత్నమ్మ, గంగాదేవి అను పేర్లు తరచుగా కానవచ్చెడివి. కార్డు వ్రాయునది బడిపిల్లలే అయినను ఇంటిల్లిపాది పేర్లను చేర్చుట వారి అలవాటు. కనుక చివరి పంక్తిలో, చోటు చాలక అక్షరములు ఇరుకైన చోట, ‘అవ్వ గంగమ్మ’ అని ఉండెడిది. కార్డులు తగ్గి ఫోను సందేశములు వచ్చిన పిదప ఆ అవ్వ మాకు కానరాలేదు.

ఈ ప్రసంగము ఆ అవ్వ పేరును గూర్చినది.

ఇందొక చిక్కు ఉన్నది. పేరు తగ్గినది గాని, ఆ పేరుగల అమ్మవారు తగ్గలేదు. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మకు, పుంగనూరులో సుగుటూరు గంగమ్మకు, కుప్పములోను పలమనేరులోను తిరుపతి గంగమ్మకు జరుగు జాతరలను చూచినవారెవ్వరును ఆమె వైభవము క్షీణించినదని అనజాలరు. చౌడేపల్లె మండలమున బోయకొండ గంగమ్మ కొండకు ఏడాది పొడవునను జనమే. జాతరనాడు ఇసుక వేసిన రాలదు. దేవతకు ఇంత పలుకుబడి ఉన్న సీమలో, ఆమె పేరును బిడ్డకు పెట్టుటకు తల్లిదండ్రులు వెనుదీయుట ఏల? తిరుపతి వేంకటేశ్వరుని పేరు ఇంటింట నేటికిని వినబడుచున్నది. ఆయనకు చెల్లెలని చెప్పి, జాతరకు దేవస్థానమునుండి సారె పంపించుకొను గంగమ్మ పేరు మాత్రము ఊయలలనుండి జారిపోయినది.

జాతర చప్పుళ్లను ధ్వనిముద్రణ చేయుటకై ఆ ప్రాంతమునకు పోయినపుడు, పలమనేరునకు చేరువనున్న గంగవరమున ఒక పూట ఆగితిమి. 1985లో మండల వ్యవస్థ వచ్చినపుడు మండలకేంద్రమైన ఊరు అది. ఇదే పేరుగల ఊళ్లు మన రాష్ట్రమున మరికొన్ని కలవు. విశాఖపట్టణము చెంత ఓడరేవుగా మారిన గంగవరము ఒకటి. గోదావరి సీమలో మరియొకటి. ఉప్పునీటి ఒడ్డున ఒక గంగవరము, చెరువు నిండిన ఏడాది పండుగ చేసికొను మెట్టసీమలో ఒక గంగవరము. హిమాలయములలో పుట్టిన నది ఈ రెంటిలో దేనికిని దగ్గర కాదు. అయినను ఆ పేరు ఈ ఊళ్లకు పరాయిది కాలేదు. ఎట్లు కాలేదో తెలిసికొన్నచో గంగమ్మ అను పేరు సగము తెలిసినట్లే.

‘గంగ’ సంస్కృత పదము. యాస్కుడు నిరుక్తములో దీనికి గమనమును బట్టి వ్యుత్పత్తి చెప్పెను: పోవునది, సాగునది గంగ. ఋగ్వేదము పదియవ మండలమునందలి నదీసూక్తమున నదులను పేర్కొనుట గంగతోనే మొదలగుచున్నది. పురాణములలో ఆమె ఆకాశమునుండి దిగివచ్చి శివుని జటలలో చిక్కుకొన్నది. భారతమున శంతనుని భార్యయై, ఏడుగురు బిడ్డలను నీటిపాలు చేసి, ఎనిమిదవవానిని భీష్మునిగా మనకిచ్చినది. ఇదంతయు అందరికి తెలిసినదే. తెలుగున ఆ పదము పొందిన మార్పు మాత్రము అంతగా ఎవరును తలపోయరు. మన నోట గంగ అనగా నది కానక్కరలేదు, నీరు. శ్రీశైలమున కృష్ణవేణి పాతాళగంగ. తిరుమల కొండమీది ధార ఆకాశగంగ. నీళ్లు కాచు పెద్ద పాత్ర గంగాళము. చెరువుగట్టున పెరుగు చెట్టు గంగరావి. తేమనేలలో ప్రాకు కూర గంగపాయల కూర. చేసిన పని వ్యర్థమైనచో ‘గంగలో కలిసినది’ అందుము. చేపలు పట్టి బ్రతుకువారు గంగపుత్రులు. సాధువైన ఆవు గంగిగోవు. అలంకరించి ఇంటింటికి త్రిప్పునది గంగిరెద్దు. (పుంగనూరు పొట్టి ఆవును చూచిన ప్రతిసారి మాకు గంగిగోవు అను మాటయే మదిలో మెదలును. అది శాస్త్రము కాదు, మా ఇష్టము.)

గంగవరము చుట్టుపట్ల రైతులకు ఈ అర్థము నిఘంటువులో చూడవలసిన పని లేదు. అక్కడ పాలారు, కౌండిన్య అని నదులు ఉన్నవి గాని, వాటిలో నీటికంటె ఇసుక కనబడు దినములే హెచ్చు. రైతు బోరు వేయుటకు ముందు ఆ చోటున పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టును. నీరు పడినచో ‘గంగమ్మ పైకి వచ్చినది’ అనును. పత్రికలవారు కూడ అట్లే వ్రాయుదురు. పడనిచో అప్పు మిగులును. అట్టి ఇంట ఆడుబిడ్డ పుట్టినపుడు గంగమ్మ అని పిలిచినచో, అది కాశీలోని నదిని తలచికొనుట కాదు. ఇంటి వెనుక బావిని తలచికొనుట.

ధర్మశాస్త్రము ఇందుకు ఒప్పలేదు. మనుస్మృతి మూడవ అధ్యాయమున, పెండ్లాడదగని కన్యలను చెప్పుచు నక్షత్రముల పేర్లు, చెట్ల పేర్లు, నదుల పేర్లు గలవారిని కూడ ఆ పట్టికలో చేర్చినది. రెండవ అధ్యాయమున మాత్రము, ఆడువారి పేరు పలుకుటకు సులువుగా, వినుటకు ఇంపుగా, శుభముగా, చివర దీర్ఘముతో ఉండవలెనని చక్కని మాట చెప్పినది. రోహిణి, రేవతి, తులసి, గోదావరి, కృష్ణవేణి, కావేరి, యమున, గంగ — ఇన్ని పేర్లు మన ఇండ్లలో తరతరములుగా ఉన్నవి. వారందరికిని పెండ్లిండ్లు అయినవి. ఆ శ్లోకమును మన తల్లులకు ఎవరును చదివి వినిపించినట్లు లేదు. వినిపించినను వినియుండరు.

ఇక చరిత్రలో ఈ పేరు ఆడువారికే పరిమితము కాదు. రాజవంశములే దీనిని ధరించినవి. క్రీస్తుశకము 4వ శతాబ్దమున కొంగణివర్మ స్థాపించిన పశ్చిమ గంగరాజ్యమునకు మొదటి రాజధాని కువలాలపురము, అనగా నేటి కోలారు. పలమనేరునుండి ముళబాగిలు మీదుగా పోయినచో ఆ ఊరు చేరుదుము. తరువాత వారు కావేరీతీరమున తలకాడునకు తరలిరి. తూర్పున కళింగమున మరియొక గంగవంశము. అందు 1078లో రాజ్యమునకు వచ్చిన అనంతవర్మ చోడగంగదేవుడు తల్లి చోళ రాకుమార్తె కావున రెండు వంశముల పేర్లను కలిపి ధరించెను. పూరీ జగన్నాథాలయ నిర్మాణమును ఆరంభించినది ఆయనయే. 13వ శతాబ్దమున కాకతి గణపతిదేవుని క్రింద కడప ప్రాంతమును ఏలిన కాయస్థ నాయకుడు గంగయ సాహిణి. సాహిణి అనగా అశ్వదళమునకు అధికారి. గుర్రముల నడుమ బ్రతికిన యోధునకు ‘గంగయ’ అను మెత్తని పేరు అడ్డము రాలేదు. గోలకొండలో ఇబ్రహీం కుతుబ్‌షాకు తపతీసంవరణోపాఖ్యానమును అంకితమిచ్చిన అద్దంకి గంగాధరకవి 16వ శతాబ్దపువాడు.

వీరందరికంటె గంగవరమునకు దగ్గరగా నడచిన గంగ ఒకతె కలదు. ఆమె గంగాదేవి. విజయనగర ప్రభువు బుక్కరాయల కుమారుడగు కంపరాయని భార్య. కంపరాయలు ముళబాగిలు రాజ్యమును పాలించుచు, అక్కడినుండి దక్షిణమునకు దండెత్తి కంచిని, పిదప మధురను గెలిచెను. భర్త వెంట నడచిన గంగాదేవి ఆ దండయాత్రనే ఇతివృత్తముగా సంస్కృతమున ‘మధురావిజయము’ అను కావ్యమును రచించినది. దానికే వీరకంపరాయచరితమని మరియొక పేరు. ఈ కావ్యము శతాబ్దములపాటు ఎవరికిని తెలియక ఉండి, 1916లో తిరువనంతపురమున తాళపత్రములలో బయటపడినది. పత్రములు చెడి, నడుమ నడుమ శ్లోకములు పోయి, అసమగ్రముగానే దొరకినది. కావ్యారంభమున ఆమె పూర్వకవులను స్తుతించుచు, వాల్మీకి, కాళిదాసు మొదలగువారి తరువాత మన తిక్కనను కూడ తలచినది. అందువలన ఆమెను తెలుగింటి ఆడుబిడ్డగా భావించువారు కలరు. గంగాధరుడను కవిని వ్యాసునితో పోల్చినది. ఒక గంగ మరియొక గంగాధరుని మెచ్చుకొన్న ఆ చోటు చదివినపుడు ఆ కాలమున ఈ పేరు ఎంత సాధారణమో, ఎంత గౌరవప్రదమో మనకు తోచును.

కావ్యమున సేన ముళబాగిలునుండి పాలారుతీరమునందలి విరించిపురమునకు పోయినట్లు ఉన్నది. ఆ రెండు ఊళ్ల నడుమ, కొంచెము ఉత్తరముగా, నేటి పలమనేరు, గంగవరముల ఎత్తుభూమి ఉన్నది. పల్లకిలో పోవుచున్న రాణి గంగాదేవిని చూచుటకు దారి ప్రక్కన నిలువబడిన పల్లె స్త్రీలలో గంగమ్మలు ఉండకపోరు. వారిని గూర్చి కావ్యము వ్రాసినవారు లేరు.

పల్లెలలోని గంగను తెలిసికొనుటకు కావ్యములను విడిచి కథాగానములను ఆశ్రయింపవలెను. గొల్లసుద్దులవారు పాడు కాటమరాజు కథాచక్రమున గంగ ముఖ్యపాత్ర. పశువుల మేతకై పుల్లరి విషయమున కాటమరాజునకు, నెల్లూరు సిద్ధిరాజునకు పంచలింగాల యొద్ద జరిగిన పోరు ఆ కథకు పట్టుకొమ్మ. అందు గంగకు కాటమరాజుతో జరుగు వాదమునకు ‘గంగ తర్కము’ అని పేరు. అందలి గంగ ఆకాశమునుండి దిగివచ్చిన సుకుమారి కాదు. మాటకు మాట చెప్పును, కోపించును, పంతము పట్టును. ఆలమందలకు గడ్డి, నీరు కావలెనన్నచో ఆమెను ప్రసన్నురాలిని చేసికొనవలెను.

తాతయ్యగుంట గంగమ్మ కథ కూడ ఇట్టిదే. ఊరి ఆడువారిని చెరపట్టుచున్న పాలెగానిని శిక్షించుటకు ఆమె అవతరించినదనియు, వాడు భయపడి దాగికొనగా బైరాగి, బండ, తోటి మొదలగు వేషములతో వెదకి, తుదకు దొరవేషము చూచి వాడు బయటికి రాగా తల తెగవేసినదనియు చెప్పుదురు. జాతర దినములలో కైకాలవారు ఆ వేషములు ధరించి ఊరు తిరుగుదురు. మగవారు చీర కట్టి, పసుపు పూసికొని, జడ వేసికొని అమ్మవారికి మ్రొక్కు చెల్లించుదురు. అమెరికా ఆచార్యురాలు జాయిస్ ఫ్లూకిగర్ ఈ జాతరను గూర్చి 2013లో ప్రకటించిన గ్రంథమునకు, లోకమే స్త్రీగా మారు వేళ అని అర్థము వచ్చు పేరు పెట్టిరి. కడపటి తెల్లవారుజామున మట్టితో చేసిన విశ్వరూపమును విడదీసి ఆ మట్టిని పంచుదురు. దానికై జనము త్రోసికొందురు. గుంట గట్టున వెలసిన దేవత తుదకు తడిమట్టియై ఇంటింటికి పోవును.

ఈ సీమ మూడు భాషల కూడలి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినపుడు ఉత్తర ఆర్కాటునుండి, కడపనుండి తాలూకాలను తెచ్చి కలిపిరి. తూర్పుదక్షిణములకు అరవము, పడమటికి కన్నడము. కౌండిన్యానది వెంట దిగువకు పోయినచో తమిళనాట గుడియాత్తము వచ్చును. అక్కడ ఆ నది ఒడ్డుననే గెంగైయమ్మన్ కోవెల ఉన్నది. వైశాఖమాసపు పండుగలో అమ్మవారి శిరసును ఊరేగించి మొండెమునకు చేర్చుదురు. అది పరశురాముని తల్లి రేణుక కథ. మన గంగమ్మయే నది వెంట దిగుచు దిగుచు గెంగమ్మయై, రేణుకతో కలిసిపోయినది. పడమటికి పోయినచో బెంగుళూరు మల్లేశ్వరమున కూడ గంగమ్మ ఉన్నది. అక్కడ పేరు మారలేదు, మాట మారినది. మగవారి పేర్లు చూచినను ఈ కూడలి తెలియును. కోస్తాలో గంగయ్య, గంగరాజు. రాయలసీమలో గంగిరెడ్డి, గంగన్న. కన్నడపు గాలి తగులుచోట గంగప్ప, గంగులప్ప. రాములు, నాగులు అన్నట్లే గౌరవమునకు గంగులు అని, దానికి అప్ప చేర్చినారు. తెలంగాణమున గంగమ్మ గంగవ్వ అగును.

ఇప్పుడు గంగవరము అవ్వ మాట చెప్పవలెను. వేపచెట్టు నీడను కూర్చున్న ఒక వృద్ధురాలిని, జాతర ముచ్చట్లు చెప్పుమని మైకు ముందునకు రమ్మంటిమి. డెబ్బది దాటినవి. ముందుగా పేరు అడుగుట మా పద్ధతి. గంగమ్మ అని చెప్పినది. ఆ పేరు ఎవరు పెట్టిరని అడిగితిమి.

“మా యమ్మకు నాకు ముందర ఇద్దురు బిడ్డలు నిలవలేదంట నాయనా. ఇద్దుర్నీ అమ్మవారే ఎత్తుకొనిపోయిందంట. నన్ను కడుపులో పెట్టుకోని గంగమ్మకు మొక్కుకున్నెంట. నేను బతికితిని. ఇంగ వేరే ఏం పేరు పెడతారు?”

‘అమ్మవారు’ అని ఆమె అన్నది మశూచికమును. ఆటలమ్మ, తట్టు, పెద్దమ్మవారు — వేసవిలో పిల్లలకు వచ్చు వ్యాధులన్నియు మన పల్లెలలో దేవత పేర్లతోనే ఉండెడివి. నీళ్లు అడుగంటు కాలము, ఒంటిమీద పొక్కులు లేచు కాలము, జాతర కాలము ఒకటే. అంబలి పోయుట, వేపమండలు కట్టుట, ఊరు చాటించుట — ఇవి వేడిని చల్లార్చు పనులు. ఎత్తుకొనిపోవునది ఆమెయే, కాపాడునది ఆమెయే. బిడ్డకు ఆమె పేరు పెట్టినచో తన పేరుగల బిడ్డను తానే ఎట్లు తీసికొనును? ఇది తల్లుల లౌక్యము. పుట్టినవారు పుట్టినట్లు పోవు ఇండ్లలో బిడ్డను పెంటమీద పడవేసి తెచ్చి పెంటయ్య అనుట, ఎంగిలి విస్తరాకులలో దొర్లించి పుల్లయ్య అనుట, భిక్షమెత్తిన బియ్యముతో పెంచి తిరిపమ్మ, భిక్షమయ్య అనుట మనమెరిగినదే. అవి మృత్యువునకు రోత పుట్టించు పేర్లు. గంగమ్మ అనునది మృత్యువునకు మొగమాటము కలిగించు పేరు. రెండును భయమునుండి పుట్టినవే. తల్లి నచ్చి ఏరుకొన్న పేరు కాదది; తీర్చవలసిన బాకీ.

ఆ బాకీకి మూలమైన భయము మన కళ్లముందే పోయినది. టీకాలవారు ఊరూర తిరిగిరి. మనదేశమున మశూచికము 1975 మే నెలలో చివరిసారిగా కనబడినది; 1977లో దేశమునకు, 1980లో లోకమంతటికిని ఆ వ్యాధి తొలగినట్లు ప్రకటించిరి. పుట్టిన బిడ్డ బ్రతుకునా అను ప్రశ్నకు బదులు, బిడ్డ ఏమి చదువును అను ప్రశ్న తల్లుల మనస్సులోనికి వచ్చినది. మ్రొక్కుపేర్లు తగ్గుటకు ఇది పెద్ద కారణమని మా నమ్మకము. చలనచిత్రములకే ఈ మార్పును అంటగట్టువారు కలరు. వాటి పాలు కొంత ఉన్నది. 1973లో వచ్చిన ‘గంగ మంగ’ చిత్రమున వాణిశ్రీ ద్విపాత్రలు ధరించినపుడు ‘అమ్మ’ తొలగి గంగ ఒంటిగా, కొంచెము పడుచుదనముతో నిలిచినది. 2003లో ‘గంగోత్రి’ వచ్చినది. కాని గంగ అని పెట్టుకొన్నవారును గంగమ్మ అని పెట్టలేదు గదా.

ఆ ‘అమ్మ’ ఎందుకు బరువైనదని మేము చాలకాలము ఆలోచించితిమి. పాతకాలపు పేరనియు, నాగరికము కాదనియు చెప్పు సమాధానము మాకు ఎన్నడును తృప్తి కలిగింపలేదు. సుబ్బలక్ష్మి, సీత, సావిత్రి పాతవి కావా? అవ్వను అడుగగా తెలిసినది. కూతురికి ఆ పేరు ఏల పెట్టలేదని అడిగితిమి. ఆమె ఇంచుక ఊరకుండి ఇట్లనినది:

“మా వాడలో గంగమ్మా అనే పిలుస్తా వుండ్రి. పెద్దింటికి పన్లోకి పోతే గంగీ. చిన్నపిల్లోళ్లు గూడా గంగీ అనే. పద్దు బుక్కులో గూడా గంగి కూలీ అని రాసుకుంటా వుండ్రి. నా బిడ్డకు ఆ పేరు పెట్టనంటే పెట్టనంటిని. మా ఆయన, మొక్కు తప్పుతామే అనె. మొక్కు నేను మేకతో తీర్చుకుంటాలే అంటిని.”

మైకు ముందు నిలువబడిన మాకు మరియొక ప్రశ్న వెంటనే తోచలేదు. శాసనములలో మైలాంబ, కుందాంబ అను రాజకుటుంబ స్త్రీల పేర్లు చదువుకొన్నాము. ‘అంబ’ అనినను ‘అమ్మ’ అనినను ఒకటే. రాణిగారికి దానిని చేర్చుటకు శిల్పి రాతిమీద నాలుగు ఉలిదెబ్బలు ఎక్కువ కొట్టినాడు. కూలి గంగమ్మకు దానిని చేర్చుటకు పద్దు వ్రాయువానికి సిరా చాలలేదు. గంగి, గంగడు, నాగి, నాగడు — ఇట్లు సగము తెగిన పేర్లు మన పాత కాగితములలో కోకొల్లలు. దేవత గంగమ్మను గంగి అని పిలుచు ధైర్యము ఎవ్వరికిని లేదు. ఆమె పేరు పెట్టుకొన్న మనిషిని పిలుచుటకు ధైర్యముతో పనిలేదు. ఇట్లు దెబ్బతిన్న తల్లులు బిడ్డలకు సులువుగా కత్తిరింపరాని పేర్లు వెదకినారు. నాలుగైదు అక్షరముల సంస్కృత నామములు, వాటికి ముందొక దేవత, వెనుకొక దేవత. బడి హాజరుపట్టీలో ఆ పేరు పూర్తిగా పిలువవలసినదే. పంతులు కూడ తెంపుటకు చోటు దొరకదు.

మరియొక వైపునుండియు ఈ పేరునకు బరువు పెరిగినది. ఉత్తరములలోను పెండ్లి పత్రికలలోను భర్త పోయిన స్త్రీ పేరునకు ముందు ‘గంగాభాగీరథీ సమానురాలు’ అని, క్లుప్తముగా ‘గం. భా.’ అని వ్రాయు పద్ధతి ఉండెడిది. గౌరవముగా మొదలైన మాట గుర్తుగా మారినది. పై మెట్టు ఇండ్లలో గంగ అనగానే మొదట ఆ రెండక్షరములు కంటబడెడివి. దీనిని గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఇప్పుడు ఆ అక్షరములను వ్రాయువారు అరుదు.

ఈ మధ్య తెలంగాణమున జగిత్యాల జిల్లా లంబాడిపల్లెకు చెందిన గంగవ్వ ‘మై విలేజ్ షో’ ద్వారా దేశదేశముల తెలుగువారికి చేరువైనది. 2020లో టెలివిజనులో ‘బిగ్ బాస్’ పోటీలో కూడ పాల్గొన్నది. పొలము పనులు చేసికొన్న స్త్రీ, తన యాసలో, తన పేరుతో, పేరులో ఒక్క అక్షరమైనను మార్చుకొనక నిలిచినది. అమెరికాలోని పిల్లలు ఆమెను గంగవ్వ అనియే పిలుచుచున్నారు. ‘అవ్వ’ను ఎవరును తెంపలేదు. అందువలన ఆ పేరు ఊయలలోనికి తిరిగి వచ్చునని మేము అనుకొనము. కాని పద్దుపుస్తకమున తెగిన పేరు తెరమీద నిండుగా కనబడుట చూచినప్పుడు, గంగవరపు అవ్వ మాటలు మాకు గుర్తునకు వచ్చినవి.

ఆ దినము ధ్వనిముద్రణ ముగియు వేళకు అవ్వ మనుమరాలు మజ్జిగ చెంబుతో వచ్చినది. డిగ్రీ చదువుచున్నదట. పేరు అడిగితిమి. చెప్పినది. తన నోట కూడ పలికించుటకు అవ్వ రెండుమార్లు ప్రయత్నించి, నవ్వి, “అది నాకు తిరగదు నాయనా, పాపా అనే పిలుస్తా” అన్నది. మేము పేరు సరిగా వ్రాసికొనుటకై ఆ బాలిక గుర్తింపు పత్రమును చూచితిమి. పేరునకు ముందు రెండు పొడి అక్షరములు ఉన్నవి. రెండును ఇంటిపేరువేనా అని అడిగితిమి.

“మొదటిది ఇంటిపేరు సార్. రెండోది, ‘జి’ అని ఉంది కదా, అది గంగ. నామకరణంలో బియ్యంలో గంగమ్మ అనే రాసినారంట, మా అమ్మ చెప్పింది. బడిలో చేర్చేటప్పుడు పొడి అక్షరం చేసేసినారు. కాలేజీలో ఎవరికీ తెలీదు.”

అవ్వకు కూడ తెలియదు. మనుమరాలి వైపు తిరిగి, ఆ అక్షరము ఎక్కడ ఉన్నదో చూపుమని కార్డును చేతిలోనికి తీసికొన్నది.